ఇంటి నెట్‌కి ఆఖరి మూడొందల మీటర్లు

2011 జనాభా లెక్కల్లో కంప్యూటరూ, దానికి ఇంటర్నెట్టూ రెండూ ఉన్న ఇళ్లు దేశం మొత్తం మీద నూటికి మూడు. పల్లెల వరకే చూస్తే నూటికి ఒకటి కూడా లేదు. 2017-18లో జాతీయ నమూనా సర్వే 75వ విడతలో అడిగేసరికి నూటికి 24 ఇళ్లకు నెట్ ఉందని తేలింది. పట్నాల్లో 42, పల్లెల్లో 15. 2025లో టెలికాం మీద ప్రత్యేకంగా చేసిన సర్వేలో అది 86 అయింది.

ఈ వేగం చిన్నది కాదు. అమెరికాలో 1997లో నూటికి 18 ఇళ్లకు నెట్ ఉండేది. సగం ఇళ్లు దాటడానికి 2001 దాకా పట్టింది, తొంభై దగ్గరికి రావడానికి ఇంకో ఇరవయ్యేళ్లు పట్టింది. మనం ఏడెనిమిదేళ్లలో 24 నుంచి 86కి వచ్చాం. 2016 సెప్టెంబరులో జియో మొదలై డేటా ధర పడిపోవడం, ఫోన్లు చవకవడం, కరోనా రోజుల్లో పిల్లల చదువు ఫోన్లోకి రావడం, ఈ మూడూ కలిసి తెచ్చిన మార్పు ఇది. దీన్ని నేను తక్కువ చెయ్యను. నా అభ్యంతరమల్లా ఆ 86ని చూపించి, ఇంటింటికీ నెట్ చేరిపోయింది, ఇక చెయ్యాల్సిందేమీ లేదు అనేవాళ్లతో.

సర్వేలో చూసేది ఇంటివాళ్లకు ఇంట్లో నెట్ వాడుకునే వీలుందా అన్నది. వైరైనా సరే, సిమ్ అయినా సరే. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ పద్ధతి కూడా ఇంతే కాబట్టి మన సర్వే తప్పేమీ చెయ్యలేదు. కానీ ఒకే పట్టికలో పక్కపక్కన అచ్చయ్యే రెండు అంకెల లోపలి సరుకు వేరు. దక్షిణ కొరియాలో 99 శాతం పైన ఇళ్లకు నెట్ ఉందంటే అందులో ఎక్కువ భాగం గోడలోంచి వచ్చిన వైరు. మన దేశంలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ లెక్కల ప్రకారం వైరు బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లు నాలుగు కోట్ల పైచిలుకు. ఇళ్లు ముప్పై కోట్ల దాకా ఉంటాయి. అంటే ఏడిళ్లకు ఒక వైరు, అందులోనూ షాపులు, ఆఫీసులు కలిసే ఉన్నాయి. మిగిలిందంతా సిమ్. ఆ సిమ్ ఉన్న మనిషి ఇందుకూరుపేటలో రొయ్యల గుంట కాడికో, కందుకూరులో పొగాకు వేలానికో పోతే ఇంటి నెట్ ఆయన వెంటే పోతుంది.

ఇంట్లో మిగిలేది ఎవరు? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత మన ఆంధ్రప్రదేశ్‌లో 2019లో జరిగింది. అప్పటికి జియో వచ్చి మూడేళ్లు. 15 నుంచి 49 ఏళ్ల లోపు వాళ్లలో ఎప్పుడైనా నెట్ వాడినవాళ్లు మగవాళ్లలో నూటికి 49, ఆడవాళ్లలో 21. ఆ తర్వాత రెండూ పెరిగే ఉంటాయి. కానీ ఇంటికి ఒక ఫోన్‌తో మొదలైన నెట్ ఎవరి చేతిలో ఉండిపోతుందో ఆ రెండు అంకెలే చెబుతున్నాయి.

నేననేది ఇది. ఇంటికి నెట్ ఉందనాలంటే ఇంట్లో ఉన్న నలుగురూ, రాత్రి ఎనిమిదింటికి, ఒకేసారి, రోజువారీ జీబీ చూసుకోకుండా వాడుకోగలగాలి. అది వైరుతోనే కుదురుతుంది. వైరు వెయ్యడం సగం పని. ఊళ్లో స్తంభం నుంచి ఇంటి గోడ దాకా ఉన్న ఆఖరి మూడొందల మీటర్లను ఏడాది పొడుగునా బతికించుకోవడం మిగతా సగం. ఆ రెండో సగానికి బాధ్యుడెవరో తేల్చుకున్న చోటే నెట్ నిజంగా ఇళ్లకు చేరింది. మన నెల్లూరు, ప్రకాశం పల్లెల్లో ఆ బాధ్యుడు ఇప్పటికే ఉన్నాడు. ఊరి కేబుల్ ఆపరేటరు. అతనికి వైరులో వెలుతురు కొలిచే మీటరూ, బ్యాటరీ, స్తంభం మీద రాతపూర్వక హక్కూ ఇవ్వడం మీద మాత్రం ఎవరి దృష్టీ లేదు.

ఇతర దేశాల్లో ఎట్లా చేరింది

కొరియా పేరు చెప్పగానే అందరూ వేగం గురించి మాట్లాడతారు. అసలు చూడాల్సింది పని పంచుకున్న తీరు. 1995లో మొదలైన జాతీయ ప్రణాళికలో ప్రభుత్వం తన డబ్బు ఊళ్ల మధ్య ప్రధాన లైన్ల మీద, ప్రభుత్వ కార్యాలయాల మీద పెట్టింది. ఇళ్ల వైపు కంపెనీలను పోటీకి వదిలింది. 1998లో ఒక కంపెనీ కేబుల్ టీవీ వైరు మీద, 1999లో ఇంకొకటి టెలిఫోన్ రాగి తీగ మీద బ్రాడ్‌బ్యాండ్ మొదలుపెట్టాయి. అదే 1999లో అపార్ట్‌మెంట్ భవనాలకు లోపలి వైరింగ్‌ను బట్టి గ్రేడు ఇచ్చే పద్ధతి పెట్టారు. మంచి గ్రేడున్న బిల్డింగులో ఫ్లాటుకు గిరాకీ ఉంటుంది కాబట్టి కట్టేవాళ్లే వైరింగ్ మీద శ్రద్ధ పెట్టారు. 1997 చివర్లో ఆ దేశం ఆర్థికంగా కుప్పకూలింది, అయినా 2002కి కోటి బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లు దాటాయి.

మనకు అది అప్పుడే ఎందుకు కుదరలేదంటే దూరం. రాగి తీగ మీద వచ్చే డీఎస్ఎల్ సిగ్నల్ టెలిఫోన్ ఎక్స్చేంజి నుంచి ఒకటి రెండు కిలోమీటర్ల లోపు బాగుంటుంది. నాలుగైదు దాటితే నీరసపడిపోతుంది. వాళ్ల ఇళ్లు చాలావరకు ఎక్స్చేంజికి దగ్గర్లో, అపార్ట్‌మెంట్లలో ఉన్నాయి. మన దగ్గర ఎక్స్చేంజి మండల కేంద్రంలో ఉంటే ఊరు ఏడెనిమిది కిలోమీటర్ల అవతల. తీగ ఉన్నా నెట్ రాదు.

జపాన్‌లో 2001 సెప్టెంబరులో యాహూ బీబీ అనే కంపెనీ 8 ఎంబీపీఎస్ వేగం నెట్‌ని నెలకు 2,280 యెన్లకు ఇచ్చి మిగతావాళ్ల ధరలన్నీ కిందికి దించింది. ఆ కంపెనీ ఊరూరా కొత్త తీగ లాగలేదు. పాత టెలిఫోన్ కంపెనీ ఎన్‌టీటీ తీగను పోటీదారులు అద్దెకు తీసుకోవచ్చని ప్రభుత్వం నిబంధన పెట్టింది కాబట్టి ఆ తీగ మీదే నడిపింది. ఫిన్లాండ్ 2010 జులై 1 నుంచి ప్రతి ఇంటికీ 1 ఎంబీపీఎస్ కనెక్షన్ చట్టబద్ధమైన హక్కు చేసింది. ఈ రోజు ఆ వేగం చాలా తక్కువ అనిపిస్తుంది. కానీ ఏ ప్రాంతంలో ఏ కంపెనీ ఇచ్చి తీరాలో ఖరారు చెయ్యడమే ఆ చట్టంలోని బలం.

మనకు అన్నిటికన్నా దగ్గరగా ఉన్నవి రుమేనియా, బ్రెజిల్. రుమేనియాలో వీధి కుర్రాళ్లు ఒక అపార్ట్‌మెంట్ నుంచి ఇంకో అపార్ట్‌మెంట్‌కి తీగలు లాగి నడిపిన చిన్న చిన్న నెట్‌వర్కులే పెరిగి, తర్వాత పెద్ద కంపెనీల్లో కలిసి, ఐరోపాలోనే చవకైన వేగవంతమైన నెట్‌కి పునాది అయ్యాయి. బ్రెజిల్‌లో ఇవాళ సగానికి పైగా ఇంటి కనెక్షన్లు చిన్న ప్రొవైడర్ల చేతిలో ఉన్నాయి. వాళ్లు వేల సంఖ్యలో ఉన్నారు, వాళ్లిచ్చేది ఎక్కువ భాగం ఫైబరే. పెద్ద కంపెనీలు పట్టించుకోని చిన్న పట్నాల్లో మొదలైనవాళ్లు వాళ్లు. అక్కడి నియంత్రణ సంస్థ చిన్నవాళ్లకు నిబంధనలు తేలిక చేసింది. మన కావలి, కనిగిరి, పొదిలి కేబుల్ ఆపరేటర్ల వంటివాళ్లే వాళ్లు.

అమెరికా నుంచి నేర్చుకోవాల్సింది వేరే ఉంది. 2021 చివర్లో పేద కుటుంబాలకు నెట్ బిల్లులో నెలకు 30 డాలర్లు తగ్గించే పథకం పెట్టారు. దాదాపు 2.3 కోట్ల కుటుంబాలు చేరాయి. డబ్బు అయిపోయి 2024 జూన్ 1న ఆగిపోయింది. వైరు గోడ దాకా వచ్చి ఉన్నా నెల బిల్లు కట్టలేక తీసేసుకునే ఇళ్లు ఉంటాయని ఆ దేశంలోనే తేలింది. పక్కనున్న బంగ్లాదేశ్ 2021 జూన్‌లో దేశమంతా ఒకే ధర పెట్టింది, 5 ఎంబీపీఎస్‌కి 500 టాకా. ఢాకాలో ఎంతో మారుమూల పల్లెలో అంతే.

నెల ఖర్చు

వైరు ఖరీదు, సిమ్ చవక అనుకుంటాం. 2024 జులైలో రేట్లు పెరిగాక రోజుకు 1.5 జీబీ ఇచ్చే 28 రోజుల ప్లాను కనీసం 299 అయింది. 28 రోజుల ప్లాను అంటే ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు రీచార్జులు. నాలుగు ఫోన్లున్న ఇంటికి ఏడాదికి 15,548 రూపాయలు.

ఇప్పుడు ఇంటికి ఫైబర్ పెట్టిద్దాం. పట్నాల్లో 30 ఎంబీపీఎస్ ప్లాను 399, మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 471. ఏడాదికి 5,650. బయట తిరిగే ఒకరికి డేటా సిమ్ ఉంచుదాం, ఏడాదికి 3,887. మిగతా ముగ్గురికీ కాల్స్ మాత్రమే ఉండే ప్లాను. అట్లాంటివి ఉండి తీరాలని ట్రాయ్ 2024 డిసెంబరులో ఆదేశించాక 84 రోజులకు 450 దరిదాపుల్లో వచ్చాయి, అంటే మనిషికి ఏడాదికి రెండు వేల లోపు. మొత్తం కలిపితే పదిహేను వేల ఐదొందల చుట్టూ తిరుగుతుంది. అదే డబ్బు. తేడా ఏమిటంటే మొదటి లెక్కలో ఒక్కొక్కరికి రోజుకు 1.5 జీబీ, రెండో లెక్కలో ఇంటికంతటికీ నెలకు వందల జీబీ. 2022లో ప్రపంచ సగటు చూస్తే ఒక్కో వైరు కనెక్షన్ మీద నెలకు సుమారు 257 జీబీ నడిచింది, ఒక్కో మొబైల్ కనెక్షన్ మీద 11. అవసరం ఉన్నా సిమ్ మీద మనుషులు ఎంత పొదుపుగా వాడుకుంటారో ఇందులో తెలుస్తుంది.

అడ్డం వచ్చేది మొదటి రోజు ఖర్చు. డిపాజిట్టు, బాక్సు, వైరు లాగిన కూలి, కొన్నిచోట్ల ఆరు నెలల బిల్లు ముందే. ఒకేసారి రెండు మూడు వేలు తియ్యడం కూలి కుటుంబానికి కష్టం, 299 నెలనెలా తియ్యగలరు. టెలికాం కంపెనీల సర్దుబాటు చేసిన ఆదాయంలో 5 శాతం పల్లెల సేవ కోసం ప్రభుత్వ నిధికి పోతుంది, దాని పేరు ఇప్పుడు డిజిటల్ భారత్ నిధి. ఆ డబ్బులో కొంత ఈ మొదటి రోజు ఖర్చుకు కేటాయించడం సబబని నా అభిప్రాయం.

ఊళ్లోకి వచ్చిన వైరులో ఏముంది

మన దేశానికి వచ్చే సముద్రపు కేబుళ్లలో కొన్ని చెన్నైలో ఒడ్డెక్కుతాయి. నెల్లూరు అక్కడికి 175 కిలోమీటర్లు. గాజు తీగలో వెలుతురు కిలోమీటరుకు 5 మైక్రోసెకండ్ల లెక్కన పోయి వచ్చినా రెండు మిల్లీసెకండ్ల పని. నెల్లూరు, ఒంగోలు రెండూ చెన్నై–విజయవాడ దారి మీదున్న ఊళ్లు, పెద్ద లైన్లు మన ముంగిట్లోంచే పోతున్నాయి. ఆ లైన్ల నుంచి ఉదయగిరి పక్క పల్లెకో, దర్శి అవతలి ఊరికో రావడమే సమస్య.

మన రాష్ట్రం ఎంచుకున్న దారి తెలివైనది. నేల తవ్వకుండా కరెంటు స్తంభాల మీద ఫైబర్ లాగారు. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి ఈ ప్రభుత్వ పథకం ఏపీ ఫైబర్‌ను ప్రారంభించినప్పుడు టీవీ, ఫోను, నెట్ కలిపి నెలకు 149 రూపాయలని ప్రకటించారు. చీమకుర్తి చుట్టూ ఉన్న గ్రానైటు నేలలో మీటరు లోతు కందకం తవ్వాలంటే ఎంత ఖర్చో ఊహించుకోండి. స్తంభాల మీద అయితే త్వరగా, చవగ్గా పోతుంది. గాలివానకు పడిపోవడం దానికి మనం కట్టే మూల్యం. మనకు ముసురు, తుపాను కాలం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. కాబట్టి ప్రతి సంవత్సరం లైను చూసుకునే పని సెప్టెంబరులోనే అయిపోవాలి.

సంగతి ఎట్లా నడుస్తుందంటే, సబ్‌స్టేషన్లోనో ఆపరేటరు గదిలోనో ఉండి ఇళ్లకు వెలుతురు పంపే ఓఎల్‌టీ పెట్టె నుంచి ఒక్క ఫైబర్ పోగు బయల్దేరుతుంది. దార్లో స్ప్లిట్టర్లు దాన్ని 32 ఇళ్లకు పంచుతాయి. ఆ 32 ఇళ్లూ కలిసి 2.5 గిగాబిట్లు డౌన్‌లోడుకు, 1.25 గిగాబిట్లు అప్‌లోడుకు వాడుకుంటాయి. మధ్యలో ఎక్కడా కరెంటు అక్కర్లేదు. వెలుతురు మాత్రం ప్రతి చోటా కొంత పోతుంది. ఎంత పోయిందన్నదే అన్నిటికీ మూలం.

వెలుతురు బలాన్ని డీబీఎంలో, దార్లో పోయినదాన్ని డీబీలో కొలుస్తారు. ఓఎల్‌టీ నుంచి +3 డీబీఎం వెలుతురు వచ్చిందనుకుందాం. ఒకటికి నాలుగు స్ప్లిట్టర్ 7.2 డీబీ తింటుంది, ఒకటికి ఎనిమిది 10.5. ఎనిమిది కిలోమీటర్ల ఫైబర్‌కు కిలోమీటరుకు పావు డీబీ చొప్పున 2. నాలుగు కనెక్టర్లకు 1.2, ఫైబర్‌ను అతికిన ఎనిమిది స్ప్లైసులకు 0.8. అన్నీ కలిపి 21.7. ఇంట్లో బాక్సుకు చేరేది మైనస్ 18.7. బాక్సు మైనస్ 27 దాకా ఓర్చుకుంటుంది. అంటే ఇంకో ఎనిమిది డీబీ చేతిలో ఉంది. ప్రతి 3 డీబీకి వెలుతురు సగమవుతుందని గుర్తుంచుకుంటే ఆ ఎనిమిది ఎంత త్వరగా కరిగిపోతాయో అర్థమవుతుంది.

ఎట్లా కరుగుతాయి? కిటికీ మూలలో వైరును మడిచి మేకు కొడితే ఒక్క చోటే మూడు నాలుగు డీబీ పోవచ్చు. మామూలు ఫైబర్‌కు వంపు మూడు సెంటీమీటర్ల వ్యాసార్థం కన్నా బిగువు కాకూడదు. ఇళ్లకు వాడాల్సిన జీ.657 రకం సెంటీమీటరు దాకా తట్టుకుంటుంది. కొనేటప్పుడు వైరు మీద అచ్చు చదవాలి. పచ్చ కనెక్టరును నీలం దాంట్లో దూర్చడం ఇంకో పెద్ద తప్పు. పచ్చదాని మూతి ఎనిమిది డిగ్రీలు ఏటవాలుగా ఉంటుంది, నీలందాని మూతి దాదాపు చదును. రెండూ కలవవు, మధ్యలో గాలి సందు ఉండిపోతుంది, మూడు నాలుగు డీబీ పోవడమే కాక మూతులు గీసుకుపోతాయి. మూతిని చొక్కా అంచుతో తుడవడం మూడోది. ఆల్కహాలు, పీచు రాలని గుడ్డ వాడాలి. ఫైబర్ మొనలోకి కన్ను పెట్టి చూడకూడదు, ఆ లేజరు కంటికి కనపడదు గానీ హాని చేస్తుంది.

ఇట్లా మైనస్ 26లో బతుకుతున్న ఇల్లు ఎండాకాలమంతా బాగానే ఉంటుంది. వానాకాలంలో జాయింటు పెట్టెలో నీళ్లు చేరి, గాలికి వైరు ఊగి ఇంకో రెండు డీబీ పోగానే నెట్ తెగుతుంది. తగ్గగానే వస్తుంది. ఇంటివాళ్లు రూటర్ ఆపి పెడుతూ కంపెనీని తిడుతూ ఉంటారు. ఆపరేటరు దగ్గర పవర్ మీటరు లేకపోతే అతనికీ కారణం తెలియదు. మీటరు రెండు వేల లోపు వస్తుంది. స్ప్లైసింగ్ మిషను ఖరీదైంది, పది మంది ఆపరేటర్లు కలిసి ఒకటి కొనుక్కున్నా సరిపోతుంది.

స్తంభాల మీద లైను తెగే కారణాలు మన ప్రాంతంలో అందరికీ తెలిసినవే. వరిగడ్డి ఎత్తుగా వేసిన ట్రాక్టరు, రాళ్ల లారీ, వినాయకుడి ఊరేగింపు, స్తంభం మార్పిడి, వానలకు ముందు కరెంటు వాళ్లు కొమ్మలు కొట్టడం, కొండ పక్క ఊళ్లలో కోతులు. రోడ్డు దాటే చోట వైరు కనీసం ఆరు మీటర్ల ఎత్తులో ఉంటే మొదటి మూడూ చాలావరకు తప్పుతాయి. ముత్తుకూరు, కొత్తపట్నం వైపు సముద్రపు గాలికి ఇనుప క్లాంపులు, బిగింపు తీగ రెండు మూడేళ్లలో తుప్పు పడతాయి. అక్కడ స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టాలి. ఖర్చు మిగులుతుందని స్తంభం దాకా ఫైబర్ తెచ్చి అక్కణ్ణుంచి రాగి క్యాట్-5 వైరు లాగేవాళ్లున్నారు. దానికి వంద మీటర్లే హద్దు. పైగా ఉరుము పిడుగుల కాలంలో ఆ వైరు వెంట వచ్చే కరెంటు దెబ్బకు పోర్టులు వరసగా మాడిపోతాయి. ఫైబర్‌ను ఇంటి గోడ దాకా తేవాల్సిందే.

పెద్ద లైన్లకూ ఇదే కష్టం ఇంకో రూపంలో ఉంది. 2021 నవంబరులో పెన్నా వరదకు పడుగుపాడు దగ్గర రైలు కట్ట కోసుకుపోయింది, హైవే దెబ్బతింది. కేబుళ్లు సాధారణంగా రోడ్లూ రైలు పట్టాల పక్కనే పోతాయి. ఒకే వైపు నుంచి నెట్ వచ్చే మండలం అట్లాంటి రోజున చీకటైపోతుంది. 2023 ఆగస్టులో కేంద్రం ఆమోదించిన, పల్లెలకు ఫైబర్ తెచ్చే సవరించిన భారత్‌నెట్ పథకం, 1,39,579 కోట్లది, ఊళ్లను రింగులా కలపమంటోంది. ఒకవైపు తెగితే రెండోవైపు నుంచి వస్తుంది. ఈ పథకంలో నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునేది ఆ మార్పే.

కరెంటు, వైఫై, సాయంత్రం ఏడు

మధ్యలో కరెంటు అక్కర్లేదన్నాను. రెండు చివర్లా కావాలి. ఓఎల్‌టీ దగ్గర బ్యాటరీ చచ్చిపోతే ఊరికి ఊరే ఆగిపోతుంది, తుపాను రోజుల్లో సరిగ్గా అదే జరుగుతుంది. ఇంటి బాక్సు మామూలుగా 12 వోల్టులది, ఎనిమిది వాట్ల దాకా తీసుకుంటుంది. 8,000 ఎంఏహెచ్ లిథియం బ్యాటరీ ఉన్న చిన్న రూటర్ యూపీఎస్ పెడితే మూడు గంటలు వస్తుంది. కొనేముందు అడాప్టరు మీద వోల్టులు చూడాలి, 9 వోల్టుల బాక్సుకు 12 ఇస్తే పోతుంది. టీవీ, నెట్ కలిసున్న బాక్సు 2 ఆంపియర్ల దాకా అడుగుతుంది, దానికి చిన్న యూపీఎస్ చాలదు.

బాక్సును టీవీ వెనక, నేల మీద పెట్టేస్తారు. మార్కాపురం వైపు పాత ఇళ్ల అడుగున్నర రాతి గోడలను 5 గిగాహెర్ట్జ్ వైఫై దాటదు. ఐదారడుగుల ఎత్తులో, ఇంటి నడుమ పెట్టి, దూరపు గదులకు 2.4 గిగాహెర్ట్జ్ వాడుకోవాలి. దాంట్లో 1, 6, 11 ఛానళ్లలో ఏది ఖాళీగా ఉంటే అది.

బాక్సు మీద లైట్లు చదవడం ప్రతి ఇంట్లో ఒకరికి రావాలి. ఎల్‌ఓఎస్ ఎర్రగా వెలుగుతుంటే వెలుతురే రావట్లేదు, బయట వైరు పని, రూటర్ ఎన్నిసార్లు ఆపి పెట్టినా లాభం లేదు. పీఓఎన్ లైటు ఆగకుండా మినుకుతుంటే వెలుతురు తక్కువగా వస్తోంది, లేదా బాక్సు నమోదు కాలేదు. రెండూ బాగుండి నెట్ రాకపోతే బిల్లు, లేదా ఆపరేటరు పైనుంచి తీసుకున్న లైను.

ఆ పై లైనే సాయంత్రాల నెమ్మదికి అసలు కారణం. ఒక ఊళ్లో రెండొందల కనెక్షన్లు ఉన్నాయనుకోండి. రాత్రి ఏడింటికి అరవై ఇళ్లు ఐదేసి ఎంబీపీఎస్ వీడియో చూస్తే 300 కావాలి. ఆపరేటరు 200 మాత్రమే కొని ఉంటే ఎవరికీ సరిగా రాదు, ఇంటి వైరులో ఎంత వెలుతురు ఉన్నా సరే. దీన్ని తేల్చడం సులువు. లాప్‌టాప్‌ను ల్యాన్ వైరుతో నేరుగా బాక్సుకు తగిలించి తెల్లవారుజామున ఆరింటికీ, రాత్రి తొమ్మిదింటికీ స్పీడు కొలవండి. పొద్దున 30, రాత్రి 6 వస్తే పై లైను చాలట్లేదు. రెండుసార్లూ ఒకేలా తక్కువ వస్తే లోపం మీ ఇంటి వైపుంది. వైఫై మీద కొలిచి గొడవకు పోవద్దు, గోడలూ లెక్కలోకి వచ్చేస్తాయి.

వైరు అక్కర్లేని చోట

5జీ వచ్చాక వైరెందుకు అని అడిగేవాళ్ల మాట కొట్టిపారెయ్యను. డాబా మీద యాంటెన్నా పెట్టి టవరు నుంచి గాల్లో నెట్ తీసుకోవడం, టవరు కిలోమీటరు రెండు కిలోమీటర్ల లోపు ఎదురుగా కనిపిస్తే బాగా పనిచేస్తుంది. మధ్యలో తాటితోపో చింతచెట్టో వస్తే పడిపోతుంది. ఆ టవరును వాడే ఇళ్లు పెరిగేకొద్దీ ఒక్కొక్కరి వాటా తగ్గుతుంది. ఆ టవరుకూ ఫైబర్ వచ్చి ఉండాలి. వెలిగొండల పక్కన పది పదిహేను ఇళ్ల పల్లెలకూ, నల్లమలలో చెంచు గూడేలకూ మాత్రం వైరు కోసం పట్టుబట్టడం అర్థం లేనిది. అక్కడ గాలి దారే నయం. శాటిలైట్ నెట్‌కి స్టార్‌లింక్ 2025 జూన్‌లో లైసెన్సు తెచ్చుకుంది, అదీ ఒక దారి కావచ్చు. రొయ్యల గుంట మీద కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే ఫోన్‌కు కబురు పంపే పెట్టెకు సిమ్ చాలు, అది పంపేది నాలుగు అక్షరాలే. మూడొందల గడపల ఊరికి మాత్రం వైరుకు సాటి లేదు.

అట్లాంటి ఊళ్లో చెయ్యాల్సినవి పెద్దవి కావు. స్తంభాలు కరెంటు పంపిణీ సంస్థలవి, నెల్లూరులో ఎస్పీడీసీఎల్‌వి, ప్రకాశంలో 2019లో ఏర్పడిన సీపీడీసీఎల్‌వి. లైన్‌మన్ స్తంభం మార్చేముందు ఆపరేటరుకు ఒక రోజు ముందు కబురు చెయ్యాలని ఆ రెండు సంస్థలూ రాతపూర్వకంగా ఆదేశమిస్తే లైన్లు తెగడం చాలావరకు తప్పుతుంది. ఓఎల్‌టీ బ్యాటరీలను మూడేళ్లకోసారి మార్చే ఖర్చు పథకంలోనే రాయాలి. పంచాయతీ అడగాల్సింది ఎన్ని ఇళ్లకు కనెక్షన్ ఇచ్చారని కాదు, నిన్న రాత్రి తొమ్మిదింటికి ఎన్ని బాక్సులు బతికి ఉన్నాయని. ఓఎల్‌టీ తెర మీద ఆ అంకె ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటుంది.

ఆపరేటర్లకు ఒక్క మాట. కనెక్షన్ ఇచ్చిన రోజే బాక్సుకు ఎంత వెలుతురు వస్తోందో కొలిచి, ఆ డీబీఎం అంకె, తేదీ ఒక స్టిక్కరు మీద రాసి బాక్సు అడుగున అంటించండి. సెప్టెంబరులో ఇంటింటికీ తిరిగి మళ్లీ కొలవండి. మూడు డీబీ కన్నా ఎక్కువ పడిపోయిన ఇళ్ల వైర్లు, జాయింట్లు ముందు చూడండి. మైనస్ 25 కిందికి పోయిన ఇల్లు ఏదైనా ఉంటే అక్టోబరు వానలు పడకముందే స్తంభం నుంచి ఇంటికి వచ్చే దాని డ్రాప్ వైరు మార్చెయ్యండి.